ఉక్కు చట్రం పిస్తోలు

పిస్తోలులో గొట్టం అరిగితే కొత్తది వేయవచ్చు. స్ప్రింగులు, పిడి చెక్కలు, మ్యాగజైను అన్నీ మార్చుకోవచ్చు. చట్రం మారిస్తే మాత్రం అది వేరే పిస్తోలు. మీట, సుత్తి, మ్యాగజైను ఇమిడేది ఈ చట్రంలోనే, పైనున్న స్లయిడు ముందుకీ వెనక్కీ జారేది దీని పట్టాల మీదనే. అమెరికా చట్టం దృష్టిలో చట్రమే తుపాకీ, తక్కినవన్నీ విడిభాగాలు. దాన్ని ఉక్కుతోనో అల్యూమినియం మిశ్రమంతోనో చేసిన రోజుల పిస్తోళ్లను వెతికి కొని, బాగుచేసి, గురిపెట్టి కాల్చడం ఇప్పుడు చాలా దేశాల్లో ఒక వ్యాపకం. భారతదేశంలో దీని తీరు వేరు. ఇక్కడ కొనుగోలుదారుడి అభిరుచి కంటే చట్టానికే ఎక్కువ మాట చెల్లుతుంది.

ఇలా స్లయిడుతో పనిచేసే పిస్తోలు పుట్టుకలో ప్రధాన పాత్ర అమెరికాలోని ఉటా రాష్ట్రానికి చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్‌ది (1855-1926). ఆయన రూపకల్పనను బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కర్మాగారం 1900 మోడల్‌గా తయారుచేసింది. ఏడు లక్షలకు పైగా అమ్ముడైన ఆ పిస్తోలుతోనే 7.65 మి.మీ. తూటా లోకానికి పరిచయమైంది. మన లైసెన్సు పుస్తకాల్లో .32 బోరు పిస్తోలు అంటే ఈ తూటాను పేల్చేదే. దాని పని తీరు తేలిక. గుండు ముందుకు దూసుకుపోతుంటే అదే ఒత్తిడి ఖాళీ డొల్లను వెనక్కి తంతుంది. ఆ తన్నుకు బరువైన స్లయిడు మెల్లగా కదులుతుంది. అది వెనక్కి జరిగేలోపు గుండు గొట్టం దాటేస్తుంది, లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది. డొల్ల బయటికి ఎగిరిపోతుంది, స్ప్రింగు స్లయిడును ముందుకు నెడుతుంది, వస్తూ వస్తూ స్లయిడు మరో తూటాను గొట్టంలోకి తోస్తుంది. గొట్టానికీ స్లయిడుకూ తాళం ఏమీ లేదు. కాపలా అంతా బరువుదీ స్ప్రింగుదీ. తర్వాత వచ్చిన 1910 మోడల్‌లో బ్రౌనింగ్ ఆ స్ప్రింగును గొట్టం చుట్టూ తొడిగి పిస్తోలును సన్నగా చేశాడు. 1914 జూన్ 28న సారయెవోలో ఆస్ట్రియా యువరాజును చంపింది ఆ మోడల్ పిస్తోలే.

పెద్ద తూటాకు బరువొక్కటే కాపలా కాస్తే చాలదు. అందుకే బ్రౌనింగ్ గొట్టాన్నీ స్లయిడునూ కొద్ది దూరం వరకు కలిపి కదిలించి, తర్వాత గొట్టం వెనక భాగాన్ని కిందికి వంచి విడదీసే పద్ధతి కనిపెట్టాడు. అమెరికా సైన్యం 1911 మార్చి 29న తీసుకున్న కోల్ట్ .45 పిస్తోలు అలాంటిదే. ఆ పద్ధతినే ఇంకా సరళం చేసిన 1935 నాటి హైపవర్ 9 మి.మీ. పిస్తోలును బ్రౌనింగ్ మరణం తర్వాత ద్యుదొనే సేవ్ పూర్తిచేశాడు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం మన సైన్యానికి, పోలీసులకు తయారుచేసిన 9 మి.మీ. పిస్తోలు ఈ హైపవర్ సంతానమే.

పాత పిస్తోలును ఇష్టపడేవాళ్లు ముందుగా చెప్పేది బరువు గురించే. అది ఉత్త అభిమానం కాదు, లెక్క ఉంది. 8 గ్రాముల 9 మి.మీ. గుండు సెకనుకు 360 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. మందు వాయువుల తోపును పక్కన పెడితే, 1.1 కిలోల ఉక్కు పిస్తోలు సెకనుకు 2.6 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, దాని శక్తి 4 జౌళ్లకు లోపే. 650 గ్రాముల ప్లాస్టిక్ చట్రం పిస్తోలు అదే గుండుకు 4.4 మీటర్ల వేగంతో వస్తుంది, శక్తి 6 జౌళ్లు దాటుతుంది. బరువైన పిస్తోలు మణికట్టును తక్కువ కుదుపుతుంది, రెండో గుండుకు గురి త్వరగా కుదురుతుంది. రోజంతా నడుముకు మోసే పోలీసుకు మాత్రం ఆ బరువే భారం.

ఆ భారం తగ్గించడానికే అల్యూమినియం వచ్చింది. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములైతే దీనిది 2.7. 1950 నాటికే కోల్ట్ అల్యూమినియం చట్రంతో కమాండర్ పిస్తోలును తెచ్చింది. 1957 నుంచి పశ్చిమ జర్మనీ సైన్యానికి అలాంటి చట్రంతోనే వాల్థర్ పిస్తోలు అందింది, తర్వాత దానికే పి1 అని పేరు పెట్టారు. చిక్కు ఇక్కడే వచ్చింది. ఉక్కు మీద పడే ఒత్తిడి ఒక హద్దు లోపల ఉన్నంతకాలం లక్షల సార్లు పడినా అది అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. దెబ్బ చిన్నదైనా ప్రతిదీ లెక్కలోకి వస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు సన్నని బీట కనిపిస్తుంది. అందుకే తర్వాతి పి1 చట్రాలకు అడ్డంగా ఆరు పలకల ఉక్కు బోల్టు దిగింది. సెకండ్ హ్యాండ్‌లో పి1 కొనేవాళ్లు మొదట చూసేది ఆ బోల్టు ఉందా లేదా అనే. 1975లో వచ్చిన బెరెట్టా 92, సిగ్ పి220 పిస్తోళ్లవీ మిశ్రమ లోహపు చట్రాలే. వాటిని ఈ పాఠం తెలిసిన కాలంలో గీశారు.

1982లో ఆస్ట్రియా సైన్యం ప్లాస్టిక్ చట్రమున్న గ్లాక్ 17ను ఎంచుకుంది. ప్లాస్టిక్ చట్రాన్ని అంతకుముందే, 1970లో, హెక్లర్ అండ్ కోహ్ చేసి చూపించింది. గ్లాక్ దాన్ని చవక చేసి, పోలీసులకు నచ్చేలా చేసింది. అమెరికా పోలీసు శాఖలు ఒక్కొక్కటిగా అటు మళ్లుతుంటే పాత లోహపు పిస్తోళ్లు డీలర్ల అరల్లోకి చేరాయి. పోలీసు నడుముకు ఏళ్ల తరబడి వేలాడిన పిస్తోలు బయటికి గీతలు పడి నలిగి కనిపిస్తుంది, లోపల మాత్రం చాలాసార్లు కొత్తదే. తోలు ఒరకు ఒరుసుకున్నంతగా అది పేలి ఉండదు. ఈ తేడా పట్టుకున్నవాడే ఆ బజారులో నెగ్గుతాడు. అమెరికా సైన్యం దాచిపెట్టిన 1911 మోడల్ .45 పిస్తోళ్లను పౌరులకు అమ్మడం 2018లో మొదలైంది. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ దరఖాస్తులు తీసుకుని, యాదృచ్ఛిక సంఖ్యలతో వరస తేల్చి, స్థితిని బట్టి 850, 950, 1,050 డాలర్లకు ఇచ్చింది. వాటిలో ఏదీ 1945 తర్వాత చేసింది కాదు.

మన దేశంలో పాత పిస్తోలుకు గిరాకీ వచ్చింది వేరే కారణంతో. 1878 ఆయుధాల చట్టం కాలం నుంచే భారతీయుడి చేతికి తుపాకీ రావాలంటే లైసెన్సు కావాలి. దొరలకు అందులో మినహాయింపులు ఉండేవి. నేటి అనకాపల్లి జిల్లాలోని కృష్ణదేవిపేట పోలీసు స్టేషను మీద 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది తుపాకుల కోసమే. లైసెన్సు లేనివాడికి ఆయుధం సర్కారు కొట్లో తప్ప దొరకడం కష్టమైన రోజులవి. స్వాతంత్ర్యం వచ్చాక 1959 చట్టం వచ్చింది, 1962 నుంచి అమలైంది. సైన్యం, పోలీసులు వాడే 9 మి.మీ. వంటి బోర్లు సామాన్యుడికి నిషిద్ధం. అందుకే బ్రౌనింగ్ నాటి చిన్న .32 ఇక్కడ రాజయింది. 1980ల మధ్యలో సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో అప్పటికే దేశంలో ఉన్న వాల్థర్, కోల్ట్, వెబ్లీ అండ్ స్కాట్ పిస్తోళ్లు చేతులు మారుతూ ధర పెంచుకుంటూ వచ్చాయి. సర్కారు కర్మాగారాలు .32 పిస్తోళ్లు, రివాల్వర్లు చేస్తున్నా పాత విదేశీ సరుకు మీద మోజు తగ్గలేదు. ఒక మామూలు వాల్థర్ పీపీకి ఇక్కడ పలికే ధర, ఆ యంత్రం విలువ కంటే కొరత విలువనే ఎక్కువగా చెబుతుంది.

ఇక లైసెన్సు సంగతి, ఉదాహరణకు అనకాపల్లిలో. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ఏర్పడేదాకా అక్కడి లైసెన్సు ఫైళ్లు విశాఖపట్నం వెళ్లేవి. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో అనకాపల్లి కలెక్టరే అధికారి. పోలీసు విచారణ నివేదిక వచ్చాకే నిర్ణయం. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. సెకండ్ హ్యాండ్ కొనుగోలులో ముఖ్యమైనది చట్టంలోని 5వ సెక్షను. అమ్మదలచినవాడు జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి స్టేషను అధికారికో రాతపూర్వకంగా తెలపాలి. ఆ తర్వాత 45 రోజులు గడిస్తే తప్ప ఆయుధం చేతులు మారకూడదు. కొనేవాడి లైసెన్సులో ఆ రకం ఆయుధానికి అనుమతి ముందే ఉండాలి. తండ్రి తుపాకీ కొడుక్కి రావడానికి 2016 నియమాల్లో వేరే దారి ఉంది. లైసెన్సుదారు మరణించినా, 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లు ఆ ఆయుధాన్ని ఉంచుకున్నా వారసులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎన్నికల వేళ స్టేషనులో జమ చేయమంటే జమ చేయాల్సిందే.

కాగితాల తర్వాత యంత్రం. ఖాళీ చేసి, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. చట్రం మీద అంకె, లైసెన్సులో అంకె ఒకటేనా? అంకెను అరగదీసి మళ్లీ కొట్టిన జాడ ఉంటే అక్కడితో ఆపేయాలి. నీలి పూత మూతి దగ్గర, అంచుల మీద అరిగి ఉంటే మంచిదే, అది సహజమైన వాడకం. పూత కొత్తగా మెరుస్తూ అంచులు గుండ్రబడి, కంపెనీ అక్షరాలు మసకబారి ఉంటే ఎవరో తుప్పును రాకి మళ్లీ పూత వేశారన్నమాట. గొట్టంలోకి వెలుగు పంపి చూస్తే లోపలి మెలి గాడులు పదునుగా కనిపించాలి. నల్లని గుంటలుంటే పాత తూటాల పాపం. ఒకప్పుడు తూటా అడుగు మందులో పొటాషియం క్లోరేటు ఉండేది. అది కాలి మిగిల్చే పొటాషియం క్లోరైడు ఉప్పు గాలిలోని తేమను లాగి ఉక్కును తినేస్తుంది. ఆ ఉప్పు నూనెలో కరగదు. అందుకే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పూయాలని పాత సిపాయిలకు నేర్పేవారు. సముద్రానికి దగ్గరైన అనకాపల్లి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. వేలిముద్ర పడిన చోట తుప్పు రావడానికి ఎక్కువ కాలం పట్టదు. పిస్తోలును తోలు ఒరలోనే పెట్టి బీరువాలో దాచడం మరీ ముప్పు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మ్యాగజైను పెదవులు వంగితే తూటా ఇరుక్కుంటుంది, స్లయిడు స్ప్రింగు కుదించుకుపోతే స్లయిడు చట్రాన్ని గట్టిగా కొడుతుంది. రెండూ మార్చదగినవే, సరిపోయే విడిభాగం దొరకడమే కష్టం.

కాల్చడానికి చోటు కావాలి. లైసెన్సు ఉన్నంత మాత్రాన తోటలోనో కొండవాలులోనో కాల్చడం కుదరదు, అనుమతి ఉన్న షూటింగ్ రేంజిలోనే. తూటాలు కూడా లైసెన్సులో రాసిన కోటా మేరకే దొరుకుతాయి కనుక .32 పిస్తోలుతో తరచుగా సాధన చేయడం చాలామందికి అందని పని. అందుకే మన దగ్గర పిస్తోలు ఆట .22 మీద, గాలి పిస్తోలు మీద నడుస్తోంది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చింది ఈ పోటీల్లోనే. పోటీ పిస్తోళ్ల చట్రాలు ఇప్పటికీ ఎక్కువగా లోహమే, పిడి మాత్రం చేతికొలతకు చెక్కిన కర్ర. నిబంధనల ప్రకారం 25 మీటర్ల పిస్తోలు 1,400 గ్రాములు, గాలి పిస్తోలు 1,500 గ్రాములు మించకూడదు. బరువు వీలైనంత తగ్గించాలన్న తొందర ఇక్కడ లేదు. గాలి పిస్తోలును పాతది కొనేవాళ్లు చూసుకోవలసింది చట్రాన్ని కాదు, గాలి సిలిండరు మీద కొట్టిన తేదీని. పదేళ్లు దాటిన సిలిండరును పోటీల్లో అనుమతించరు.