మాట పొలిమేర దాటుటకు సుంకమెంత?

సెల్‌ఫోను ఎన్ని సెకనులు మ్రోగవలెనన్న ప్రశ్న పైకి పిల్లల పొడుపుకథవలె దోచును గాని, 2019వ సంవత్సరమున మన దేశమందలి ఫోను కంపెనీలు దీనిమీదనే కలహించినవి. ఒకటి గంట మ్రోగు కాలమును కుదింపగా, ఇంకొకటి దానిని తప్పుపట్టి పిమ్మట తానును కుదించినది; తుదకు టెలికాం రంగమునకు నియంత్రణ సంస్థయైన ట్రాయ్ కలుగజేసికొని, ఆ నవంబరులో, సెల్‌ఫోను 30 సెకనులు, ల్యాండ్‌లైను 60 సెకనులు మ్రోగవలెనని శాసించినది. పట్టుమని పది సెకనులకై ఇంత పోరేలయన్నచో, దానివెనుక కంటికి కానరాని యొక సుంకము కలదు.

విజయవాడలో ఒక కంపెనీ సిమ్ముగల తల్లి, హైదరాబాదులో మరియొక కంపెనీ సిమ్ముగల కుమారునికి ఫోను చేసినదనుకొందము. ఆమె మాట సమీపపు టవరు నంటుకొని, తన కంపెనీ తీగలవెంట సాగి, రెండు కంపెనీల యంత్రములను కలుపు పోర్టు కడకు వచ్చును. అదియే ఆ రెండు రాజ్యముల పొలిమేర. అటనుండి కుమారుని చెవివరకు మాటను మోయు శ్రమ రెండవ కంపెనీది గనుక, అందులకు నిమిషమునకింత యని మొదటి కంపెనీ చెల్లించెడిది. దీనినే టర్మినేషన్ చార్జి యనిరి. గంట త్వరగా ఆగిపోయినచో ఆ పిలుపు మిస్డ్‌కాలగును. కుమారుడు తిరిగి ఫోను చేయును. చేసినవాడతడు గనుక ఇప్పుడు సుంకము చెల్లించు వంతు అతని కంపెనీది! ఒక్క పిలుపున ఇది పైసల మాటయే యైనను, కోట్ల పిలుపులందు కోట్ల రూపాయల మాట.

ఈ పొలిమేర తగవు మనతో పుట్టినది కాదు. ఇరువదవ శతాబ్ది యారంభమున అమెరికాలో బెల్ కంపెనీ తన తీగలను పోటీదారుల తీగలతో కలుపుటకు పలుచోట్ల నిరాకరింపగా, అచ్చటి వర్తకులు ఒకే బల్లమీద రెండు టెలిఫోనులు పెట్టుకొనవలసి వచ్చినది. ప్రభుత్వపు ఒత్తిడికి తలయొగ్గి, 1913లో ఆ కంపెనీ తన దూరప్రాంతపు తీగలను స్వతంత్ర కంపెనీలకు తెరచుటకు సమ్మతించినది. పెద్దవాడు తలుపు మూసినచో చిన్నవాడు బ్రతుకజాలడు; నియంత్రణకు మూలసూత్రమిదియే.

మన దేశమున ఈ కావలి బాధ్యతను 1997 నాటి చట్టము ట్రాయ్‌కు అప్పగించినది. సెల్‌ఫోను నుండి సెల్‌ఫోనుకు పోవు పిలుపుపై సుంకము 2009లో 30 పైసలనుండి 20కి, 2015లో 14కు, 2017లో 6కు దిగినది. నడుమ 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశము చేసి, పాత కంపెనీలు తమకు చాలినన్ని పోర్టులీయలేదని మొరపెట్టుకొనినది. ఉచితముగా మాటలాడనిచ్చుటచే పిలుపులు వరదవలె వచ్చిపడుచున్నవనియు, వానిని మోయుటకగు వ్యయము సైతము తమకు గిట్టుట లేదనియు వారు బదులాడిరి. పొలిమేరకడ వేయి పిలుపులలో అయిదింటికి మించి విఫలము కారాదన్నది నియమము. దానిని మీరిరని ట్రాయ్ మూడు కంపెనీలపై మొత్తము 3,050 కోట్ల రూపాయల జరిమానా సిఫారసు చేసినది. పిమ్మట 2018 నాటి నియమావళి, ఎవరైనను కలుపుమని కోరినచో 30 దినములలో ఒప్పందము కుదుర్చుకొనవలెనని గడువు విధించినది.

డేటా విషయమున ఈ లెక్క నిమిషములతో నడువదు. సమబలముగల నెట్‌వర్కులు ఒకదాని సరకు నొకటి ఉచితముగా మోసికొనుటయు, చిన్నవి పెద్దవానికి సొమ్ము చెల్లించి దారి కొనుక్కొనుటయు వాడుక. స్వదేశమున కూడలి లేనిచో, పొరుగు వీధికి పంపిన ఈమెయిలు సహితము సముద్రము దాటి మరలి రావలసి యుండును. ఆ వృథా ప్రయాణమును మాన్పుటకే 2003లో నిక్సీ యను లాభాపేక్షలేని ఇంటర్నెట్ కూడలి సంస్థ ఏర్పడినది. సుంకము హద్దుమీరినచో ఏమగునో దక్షిణ కొరియా చూపినది: అచ్చట 2016 నుండి డేటాను పంపు నెట్‌వర్కే సొమ్ము చెల్లించు పద్ధతి నడువగా, ఆటల ప్రసారములకు పేరొందిన ట్విచ్, అచ్చటి నెట్‌వర్కు రుసుములు తక్కిన దేశములకంటె పదిరెట్లున్నవని చెప్పి, 2024 ఫిబ్రవరిలో ఆ దేశమున వ్యాపారము చాలించుకొనినది.

మన దేశమున మాటపై పొలిమేర సుంకము 2021 జనవరి 1న సున్నయైనది. సుంకము పోయినదని కావలివాని నింటికి పంపరాదు. పైస అడుగకయే తలుపు మూయుట పెద్దకంపెనీల కెప్పుడును సాధ్యమే.