ఇంట్లో తిరిగితే నడక అయిపోతుందా?

“పొద్దున లేచింది మొదలు ఇంట్లో తిరుగుతూనే ఉంటాం, మళ్లీ వేరే నడకెందుకండీ?” నేనూ ఇలాగే అనేదాన్ని. రెండేళ్ల క్రితం పరీక్షలో షుగరు అంచుకొచ్చిందని తేలాక భయం పట్టుకుంది. వంటింటికీ పెరటికీ మధ్య నాలుగడుగులు వేసి ఆగిపోతాం. గుండె కాస్త వేగంగా కొట్టుకునేలా ఆగకుండా నడవాలట. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ లెక్క. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట, అయిదు రోజులు. పదివేల అడుగులని బెదిరిపోకండి. అది 1965లో జపానువాళ్లు అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టుకున్న పేరు!

అన్నం తిన్నాక పది నిమిషాలు నడిచినా కాలి కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా పరగడుపున బయల్దేరకండి. కొంగున పటికబెల్లం ముక్క ముడేసుకోండి.

ఇక మనసు సంగతి. అమ్మాయి అత్తారింటికి వెళ్లాక నాకు రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. పక్కింటి వదినగారితో సాయంత్రం నడక మొదలెట్టాక ఆవిడ కోడలి గొడవలు, నా బెంగ అన్నీ దారిలోనే అయిపోతున్నాయి. మూడు నెలలకి షుగరు తగ్గింది, నిద్రా పడుతోంది. బరువే, రెండు కిలోలకి మించి కదల్లేదు!

“మరి సాయంత్రం టిఫినో?” అన్నారు మావారు మొదట్లో. ఇప్పుడు నేనొచ్చేసరికి ఉప్మాకి ఉల్లిపాయలు తరిగి ఉంచుతున్నారు.