ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కితే...

హైదరాబాద్ ఎంఎంటీఎస్ దారిలో ఒక స్టేషన్ పేరే ఆర్ట్స్ కాలేజ్. అక్కడ దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి నడిస్తే, గులాబీ రంగు గ్రానైట్ మేడ ఎదురవుతుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1934 జులై 5న దీనికి పునాదిరాయి వేశారు, 1939 డిసెంబర్ 4న ప్రారంభించారు. కట్టడానికి ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాలు తిరిగి విశ్వవిద్యాలయాలు చూసొచ్చారు. నమూనా బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ది. ముందున్న ఎత్తైన కమాను ఇస్లామీ శైలిది. దగ్గరికెళ్లి స్తంభాలను చూస్తే అజంతా, ఎల్లోరా గుహలు గుర్తొస్తాయి.

1918లో ఉస్మానియా మొదలైనప్పుడు బోధనంతా ఉర్దూలోనే. అందుకోసం పాఠ్యగ్రంథాలను తర్జుమా చేయడానికి ప్రత్యేక విభాగమే నడిచింది. ఆ ఉర్దూ చదువుల మధ్య తెలుగు శాఖకు రాయప్రోలు సుబ్బారావు పెద్దదిక్కుగా నిలిచారు. హనుమాజీపేట రైతుబిడ్డ సి.నారాయణరెడ్డి బీఏ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. నగరానికొచ్చాక సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో ఆధునిక కవుల పుస్తకాలు ఆయన చేతికందాయి. దారి అక్కడ దొరికింది. తెలుగు ఎంఏ, ఆధునిక కవిత్వంపై డాక్టరేట్, ఉస్మానియాలోనే ఆచార్య పదవి, 1988కి జ్ఞానపీఠ్... అన్నీ ఆ దారిలోవే.

నన్ను ఇంకా ఎక్కువ కదిలించేది ఇక్కడే బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన. పొలాల్లో నాట్లేస్తూ, తిరగలి తిప్పుతూ ఆడవాళ్లు పాడుకునే పాటలను ఆయన డాక్టరేట్ అంశంగా తీసుకున్నారు. అప్పటిదాకా పండితుల లెక్కలోకి రాని ఆ పాటలు విశ్వవిద్యాలయం గడప దాటి లోపలికొచ్చాయి. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఇంతకంటే ఏం ధైర్యం కావాలి? అమ్మ పాడే బతుకమ్మ పాట కూడా చదువేనని తెలిశాక, క్లాసులో నోరు విప్పడానికి బెరుకుండదు.

ఇంట్లో తొలిసారి పీజీ గడప తొక్కినవాళ్లు ఇప్పటికీ ఇక్కడికి వస్తూనే ఉన్నారు. తెలుగు, ఉర్దూ, చరిత్ర, తత్వశాస్త్రం చదివేవాళ్లు ఒకే వరండాలో తారసపడతారు. హాస్టల్ గదిలో, చెట్టు కింద, ఈ మెట్ల మీద మొదలైన వాదన ఒక్కోసారి పరిశోధనాంశమై కూర్చుంటుంది. ‘ఆర్ట్స్ చదివితే ఏమొస్తుంది’ అని ఇంట్లో విని విని వచ్చిన పిల్లలకు, అదే ఇష్టంతో వచ్చిన మరో నలుగురు దొరకడం చిన్న విషయం కాదు.

పీజీలో చేరాలంటే సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. మెట్రోలో వచ్చేవాళ్లు తార్నాకలో దిగొచ్చు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండి, సాహిత్యమో చరిత్రో చదవాలని మనసులో ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, దరఖాస్తు నింపే ముందు ఒకసారి ఇక్కడికి తీసుకురండి.