వైద్యం కోసం దూర ప్రయాణం: ధర్మం ఏమంటోంది?

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక.

ధార్మిక సోదరులారా! మన బస్తీల నుంచి ఎవరో ఒక రోగి దూర ప్రయాణానికి బయలుదేరని నెల ఉండదు. కడప, చిత్తూరు ప్రాంతాల వారు వేలూరు సి.ఎం.సి.కి వెళతారు. ఆదిలాబాదు, ఖమ్మం వారు హైదరాబాదు నిమ్స్‌కు, క్యాన్సర్ అయితే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి చేరతారు. కొందరు ముంబయి టాటా ఆసుపత్రి దాకా పోతారు. బయలుదేరే ముందు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "రాసిపెట్టి ఉంటే ఇక్కడే నయమవుతుంది, అంత దూరం దేనికి?" అని పెద్దలంటారు. "పొలం అమ్మి అయినా సరే, పెద్ద డాక్టరు దగ్గరకే తీసుకుపోవాలి" అని కొడుకులంటారు. ఈ రెండు మాటలకూ ధర్మం ఎంత చోటిచ్చిందో నేడు పరిశీలిద్దాం.

మొదట పెద్దల మాట. వైద్యం చేయించుకోవచ్చునా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు మహాప్రవక్త (స) చేయించుకొమ్మనే ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప, మందు లేని రోగాన్ని అల్లాహ్ సృష్టించలేదని చెప్పారు. హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. రోగం విధిలిఖితమైతే మందు కూడా విధిలిఖితమే. మందు ఉన్న చోటికి నడిచి వెళ్ళడం కూడా అంతే. కాబట్టి టికెట్టు కొనుక్కున్నవాడు తవక్కుల్‌ను ఇంట్లో వదిలి వెళ్ళినట్టు కాదు.

ఇక ఏ వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి? హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) పరామర్శకు వెళ్ళి, ఆయన ఛాతీపై చేయి ఉంచి, అది గుండెకు సంబంధించిన బాధ అని గ్రహించి, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా దగ్గరకు వెళ్ళమన్నారని అబూదావూద్‌లో ఉంది. హారిస్ ఆ కాలపు అరబ్బులలో పేరెన్నికగన్న వైద్యుడు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో మరో సంఘటన ఉంది. గాయపడిన ఒక వ్యక్తి కోసం ఇద్దరు వైద్యులను పిలిపించగా, మీ ఇద్దరిలో వైద్యం బాగా తెలిసినవారెవరని ప్రవక్త (స) అడిగారు. ఈ రెండు ఉల్లేఖనాల పరంపరలపై హదీసువేత్తలు చర్చించారన్నది నిజమే. అయినా ఏ విద్యలోనైనా అందులో ఎక్కువ నేర్పరినే ఆశ్రయించాలన్న సూత్రాన్ని ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ ఈ రెండవ సంఘటన నుంచే గ్రహించారు. దగ్గరలో ఉన్నవాడికంటే దూరంలో ఉన్నవాడు ఆ రోగాన్ని బాగా ఎరిగినవాడైతే, ఆ దూరం వెళ్ళడానికి ఇదే ఆధారం.

అయితే నేర్పు వేరు, పేరు వేరు. వైద్యం తెలియకుండానే వైద్యం చేసినవాడు కలిగిన నష్టానికి బాధ్యుడవుతాడని హదీసు ఉంది. అంటే చికిత్సకుడి అర్హతను తెలుసుకోవడాన్ని షరీఅత్ తేలిగ్గా తీసుకోలేదు. బస్టాండులో ఎదురై "మా ఆసుపత్రికి రండి" అని చేయి పట్టుకునే మధ్యవర్తి మాట ఆధారం కాదు, గోడమీది ప్రకటనా కాదు. ఈ జబ్బునే ఆ వైద్యుడు తరచుగా చూస్తాడా? మన ఊరి డాక్టరు చీటీ రాసి పంపాడా? ఇదే చికిత్స జిల్లా ఆసుపత్రిలో దొరకదా? ఇవి అడిగి తెలుసుకోవలసినవి. కంటి జబ్బులకైతే, 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెలకు దగ్గరగానే విజన్ సెంటర్లు నెలకొల్పింది. అక్కడ తేలే పనికి రాజధాని దాకా పోనక్కరలేదు. ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఫోనులోనే డాక్టరు సలహా పొందే వీలు కూడా ఉంది.

వైద్యుడు ముస్లిమే అయి ఉండాలా అని కొందరు అడుగుతారు. హిజ్రత్ ప్రయాణంలో ప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర) తమ ప్రాణాలను అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే దారి చూపేవాడి చేతిలో పెట్టారు. అతడు అప్పటికి ముస్లిం కాదు. దారి ఎరిగినవాడు, మాట తప్పనివాడు. ధర్మవేత్తలు దీని నుంచే నమ్మదగిన ముస్లిమేతర వైద్యుణ్ణి ఆశ్రయించవచ్చునని నిర్ణయించారు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. రొమ్ములో గడ్డ కనబడిన సోదరి సిగ్గుతో ఆరు నెలలు దాస్తుంది. తెలిసిన తర్వాత ఇంటివారు ఆమిల్ దగ్గర, తావీజుల దగ్గర మరో ఆరు నెలలు గడుపుతారు. చివరికి హైదరాబాదు బండి ఎక్కేసరికి, మొదట్లో చిన్న శస్త్రచికిత్సతో పోయే అవకాశమున్న రోగం ఒళ్ళంతా పాకి ఉంటుంది. దుఆ చేయండి, ఖుర్ఆన్ పఠించి ఊదండి, దానికి అభ్యంతరం లేదు. కానీ అది ప్రయాణాన్ని ఆపడానికి కారణం కాకూడదు.

ఇప్పుడు కొడుకుల మాట. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, వైద్యం మానితే ప్రాణమో అవయవమో పోయే ప్రమాదం ఉన్నప్పుడు, లేదా రోగం ఇతరులకు అంటుకునేదైనప్పుడు చికిత్స విధి అవుతుందని తీర్మానించింది. ఇతర సందర్భాల్లో దాని స్థాయి తగ్గుతుంది. మూర్ఛవ్యాధితో బాధపడిన ఒక స్త్రీ దుఆ కోరినప్పుడు, ఓర్చుకుంటే స్వర్గమని, కోరుకుంటే స్వస్థత కోసం ప్రార్థిస్తానని ప్రవక్త (స) ఆమెకే ఎంపిక వదిలారు. ఆమె ఓర్పును ఎంచుకున్నది. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసు. రోగం ఇక నయం కాదని, నొప్పి తగ్గించడమే మిగిలిందని ఇద్దరు ముగ్గురు యోగ్యులైన వైద్యులు చెప్పిన తర్వాత, ముసలి తండ్రిని రాత్రంతా రైలులో కుదుపుతూ మరో నగరానికి తీసుకుపోవడం సేవ అనిపించుకోదు. నలుగురూ ఏమంటారోనన్న భయంతో వడ్డీకి అప్పు తెచ్చి ఆ ప్రయాణం చేయడం మరీ తప్పు. అన్నిటికంటే ముందు ఆయననే అడగాలి. ఇంటిల్లిపాదీ చర్చించి, మంచంమీది మనిషిని మాత్రం అడగని ఇళ్ళు మనలో ఎన్నో!

బయలుదేరినవారికి ఆరాధనల విషయంలో అల్లాహ్ సౌలభ్యం కల్పించాడు. హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 48 మైళ్ళు, అంటే దాదాపు 77 కిలోమీటర్లకు మించి వెళ్ళేవారు ఊరి పొలిమేర దాటాక జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లను రెండేసి రకాతులుగా చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే నాలుగూ పూర్తిచేయాలి. ఒక్కచోట 15 రోజులు ఉండాలని నిశ్చయించుకుంటే ఖస్ర్ ఉండదు. "రిపోర్టు రేపు వస్తుంది, ఎల్లుండి వెళ్ళిపోతాం" అనుకుంటూ నెల గడిచినా మాత్రం ముసాఫిరే. ఆసుపత్రుల్లో ఎక్కువమంది స్థితి ఇదే గనుక దీన్ని గుర్తుంచుకోండి. షాఫియీ సోదరులకు గడువు వేరు, వారు తమ ఆలిములను అడగాలి. నిలబడలేని రోగి కూర్చుని, కూర్చోలేనివాడు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర)కు ప్రవక్త (స) స్వయంగా తెలిపారు. నీరు తగిలితే హాని అని డాక్టరు చెబితే తయమ్ముమ్, కట్టు ఉన్న చోట మసహ్. తలకు గాయమైన ఒక సహాబీకి తోటివారు తెలియకుండానే తయమ్ముమ్ కుదరదని చెప్పారు. ఆయన స్నానం చేసి మరణించగా ప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు, తెలియనప్పుడు అడగవద్దా అని మందలించారు. ప్రయాణికుడికి, రోగికి జుమా విధి కాదు. వదిలి వస్తే రోగికి ఇబ్బంది కలిగే సహాయకుడికీ అంతే.

స్త్రీ రోగితో మహ్రమ్ వెళ్ళాలి. భార్య హజ్జ్‌కు బయలుదేరిందని తెలిసి, యుద్ధానికి పేరు రాయించుకున్న భర్తను కూడా ప్రవక్త (స) ఆమె వెంట పంపారు.

ఇక మిగిలింది మన బాధ్యత. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతోనే నడిచింది. మన హైదరాబాదులో 1595లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా నిర్మించిన దారుష్షిఫా పేరు నేటికీ ఆ బస్తీకి నిలిచే ఉంది. అంత కట్టలేకపోయినా, జకాత్ పంచేటప్పుడు "ఇబ్నుస్సబీల్" అనే వర్గాన్ని మరచిపోకూడదు. ఊళ్ళో ఇల్లు, పొలం ఉన్నవాడైనా పరాయి నగరంలో చేతిలో పైసా లేక చిక్కుకుంటే ఆ అవసరం మేరకు జకాత్‌కు అర్హుడే. వేలూరులో డబ్బయిపోయిన కర్నూలు రైతు ఇంటికి ఫోను చేసి ఏడుస్తున్నాడంటే, ఆ వాటా అతడిదే. పెద్ద ఆసుపత్రులకు దగ్గరలోని మస్జిదు కమిటీలు ఒక గదిని రోగుల సహాయకులకు కేటాయిస్తే ఎంతో మేలు.

చదువుకున్న యువకులు మరొక సేవ చేయవచ్చు. క్యాన్సర్ రోగులకు, వెంట వెళ్ళే ఒకరికి రైలు టికెట్టులో రాయితీ ఉంది. ఆ ఫారం నింపి ఆసుపత్రి సంతకం తెప్పించడం చాలామందికి చేతకాదు. ఆరోగ్యశ్రీ కార్డు ఆ ఆసుపత్రిలో, ఆ జబ్బుకు చెల్లుతుందో లేదో బయలుదేరక ముందే ఆరోగ్యమిత్రను అడిగి చెప్పాలి. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టి ఇవ్వాలి. అవి లేకపోతే పరీక్షలన్నీ మళ్ళీ చేయిస్తారు, వేలు ఖర్చవుతాయి. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఇంటి దగ్గర పిల్లలకు అన్నం, గేదెలకు మేత ఎవరు చూస్తారో పొరుగువారు ముందే పంచుకోవాలి.

ఓ అల్లాహ్! ఈ వేళ దారిలో ఉన్న రోగులకు క్షేమాన్ని, వైద్యుల చేతులకు సాఫల్యాన్ని, వెంట ఉన్నవారికి ఓపికను ప్రసాదించు. ఆమీన్.