తలకిందులైన గొలుసు

“పురానాపూల్ గచ్చులో బెల్లం, గుడ్డుసొన కలిపారట. అందుకేనా అది ఇంతకాలం నిలిచింది?” అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ఉత్తరం చదివాక మరో విషయం రాయబుద్ధి కాలేదు.

హైదరాబాదులో మూసీ మీద ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1578లో పూర్తయిన వంతెన అది. 22 కమాన్లు. యువరాజు మహమ్మద్ కులీ తన ప్రేయసి భాగమతిని కలుసుకునేందుకు కట్టించారన్న కథ ఉంది గానీ, అప్పటికి ఆ యువరాజుకు పదమూడేళ్ళు. 1908 మహా వరదకూ ఆ కమాన్లు నిలిచాయి.

బెల్లం సున్నానికి మేలు చేస్తుంది, కాదనను. కానీ కమానును నిలబెట్టేది జిగురు కాదు, ఆకారం. రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, లాగితే విడిపోతుంది. మరి లాగుడే లేని ఆకారం ఏది?

మెడలో గొలుసు తీసి రెండు కొసలూ పట్టుకుని వేలాడదీయండి. అందులో ఉన్నదంతా లాగుడే. ఆ ఒంపును తలకిందులు చేస్తే లాగుడంతా నొక్కుడైపోతుంది! పురానాపూల్ కట్టిన సుమారు వందేళ్ళకు ఇంగ్లండులో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఈ సూత్రం పట్టుకున్నాడు. ఎవరూ కాజేయకుండా అక్షరాలు కలగాపులగం చేసి అచ్చువేశాడు. అసలు వాక్యం ఆయన పోయాకే బయటపడింది.

ఇప్పుడు గొలుసు మధ్యలో బరువైన లాకెట్ తగిలించండి. అడుగున కోసుగా మొన తేలుతుంది. తిప్పి చూడండి, అచ్చం పురానాపూల్ కమాను! కోసు కమానుకు నడినెత్తిన బరువుంటే సుఖం.

ఆ బరువు లెక్క తప్పితే ఏమవుతుందో వేల్స్‌లో విలియం ఎడ్వర్డ్స్ అనే తాపీ మేస్త్రీ కళ్ళారా చూశాడు. పాంటిప్రిడ్ దగ్గర నది మీద ఒకే కమానుతో 140 అడుగులు దాటించబోతే, కమాను భుజాల (నడినెత్తికి ఇరువైపులా ఉండే భాగాల) బరువు ఎక్కువై నడినెత్తి పైకి తన్నుకొచ్చి కూలింది. మళ్ళీ కట్టేటప్పుడు చెరో భుజంలో మూడేసి గుండ్రటి కన్నాలు వదిలి బరువు దించాడు. 1756 నాటి ఆ వంతెన నేటికీ ఉంది. ఎంత అందమైన దిద్దుబాటు!

పురానాపూల్‌లో పక్కపక్క కమాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నడుమ స్తంభం మీద ఆ రెండు తోపులూ చెల్లుకు చెల్లు. కొసల తోపు ఒడ్డు భరిస్తుంది. కనుక అసలు ప్రమాదం నీరు స్తంభం అడుగును కోసేయడం.

పాత వంతెనకు మరమ్మతు అనగానే పైన సిమెంటు పూస్తారు. అది తేమను లోపలే బంధించి సున్నాన్ని పాడుచేస్తుంది. ముందు నీళ్ళలోకి దిగి పునాది చూడండి, సందుల్లో మొలిచిన రావి మొక్కను వేళ్ళతో సహా తీయించండి.