మన్యంలో కంటి కేంద్రం నిలవాలంటే..

అద్దాల అమ్మకమే ఆధారం.. మరమ్మతు, నమ్మకమే పెట్టుబడి

అరకులోయ: నలభై ఏళ్లు దాటాక దగ్గరి వస్తువులు మసకబారడం సహజం. దీనినే చత్వారం అంటారు. పట్టణాల్లో వీధికో కళ్లద్దాల దుకాణం ఉండటంతో ఇదొక సమస్యగా తోచదు. మన్యంలో పరిస్థితి వేరు. కొమ్మపై పండిన కాఫీ పండ్లను ఏరాలన్నా, రాజ్‌మా గింజల్లో రాళ్లు తీయాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, సంతలో కాటా ముల్లు సరిగా ఉందో లేదో చూసుకోవాలన్నా దగ్గరి చూపే ఆధారం. అది తగ్గితే కూలి తగ్గుతుంది. చదువుకోని వారికి కళ్లద్దాలతో పనేమిటన్న అపోహ మాత్రం కొండ గ్రామాల్లో ఇంకా ఉంది.

అరకులోయ నుంచి విశాఖపట్నం సుమారు 115 కిలోమీటర్లు. కంటి పరీక్ష కోసం వెళ్లి రావాలంటే ఒకరోజు కూలి, తోడు వచ్చిన వారి కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు పోతాయి. ఇక కొనే అద్దం ధర దీనికి అదనం. ఉచిత శిబిరాలు కొంత ఊరటనిస్తున్నా, శిబిరంలో ఇచ్చిన అద్దం మూడో నెలలో విరిగితే బాగుచేసే వారుండరు. అందుకే ఏడాది పొడవునా తలుపులు తెరిచి ఉండే కేంద్రం అవసరం. అలాంటి కేంద్రం తన ఖర్చు తాను సంపాదించుకుంటేనే నిలుస్తుంది. కొండ ప్రాంతంలో అది సాధ్యమేనా అన్నదే ప్రశ్న.

యాభై వేల మందికి ఒకటి

దీనికి సమాధానం తెలుగు నేలపైనే ఉంది. ప్రముఖ సినీ నిర్మాత ఎల్వీ ప్రసాద్ ఇచ్చిన భూమి, విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ హైదరాబాద్‌లో 1987లో సేవలు ప్రారంభించింది. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో తొలి గ్రామీణ కంటి ఆసుపత్రిని ఏర్పాటు చేసింది. అనంతరం సేవలను మెట్లుగా విభజించింది. 50 వేల జనాభాకు ఒక ప్రాథమిక దృష్టి కేంద్రం, 5 లక్షల మందికి శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రి, 50 లక్షల మందికి పెద్దాసుపత్రి ఉండాలన్నది ఈ పద్ధతి. 2006లో విశాఖపట్నంలోనూ ఈ సంస్థ పెద్దాసుపత్రి ప్రారంభమైంది.

ఈ మెట్లలో అట్టడుగున ఉండే దృష్టి కేంద్రంలో వైద్యుడు ఉండడు. ఇంటర్మీడియట్ చదివిన స్థానిక యువతకు ఏడాది పాటు శిక్షణ ఇచ్చి సాంకేతిక నిపుణులుగా నియమిస్తారు. వారు చూపు పరీక్షించి అద్దాలు ఇస్తారు. శుక్లాలు, నీటికాసులు వంటి జబ్బుల అనుమానం ఉంటే పై ఆసుపత్రికి పంపుతారు. విశాఖ ఏజెన్సీలోని 11 మండలాల జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 6 లక్షలు. పై కొలత ప్రకారం చూస్తే మండలానికో కేంద్రం చొప్పున నడిచే వీలుంది.

పరీక్ష ఉచితం.. రాబడి అద్దాలపై

పరీక్షకు రుసుము వసూలు చేస్తే పేదలు గడప తొక్కరు. అందుకే ఇటువంటి కేంద్రాలు పరీక్షను ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో చేసి, అద్దాల అమ్మకంపై వచ్చే మిగులుతో నడుస్తాయి. ఒక ఊహాత్మక లెక్కతో ఇది తేలిగ్గా బోధపడుతుంది.

నెలకు గది అద్దె రూ.5 వేలు, నిపుణుడి జీతం రూ.18 వేలు, సహాయకుడికి రూ.9 వేలు, విద్యుత్తు, ఫోను ఖర్చులు రూ.3 వేలు, సంతలకు ప్రయాణం రూ.4 వేలు, పరికరాల నిర్వహణ రూ.3 వేలు అనుకుందాం. మొత్తం రూ.42 వేలు. ఒక జత అద్దాలు రూ.450కి అమ్మితే, ఫ్రేము, కటకాలు, రవాణాకు రూ.240 పోగా రూ.210 మిగులుతుంది. అంటే నెలకు 200 జతలు అమ్మితే ఖర్చులు గట్టెక్కుతాయి. పాతిక పనిదినాలకు రోజుకు ఎనిమిది జతలన్నమాట. పరీక్ష చేయించుకున్న ముగ్గురిలో ఒకరు కొంటారనుకుంటే రోజుకు 24 మంది రావాలి. పరికరాల కొనుగోలుకు పెట్టిన పెట్టుబడి, దానిపై వడ్డీ దీనికి అదనం.

విసిరేసినట్లున్న కొండ పల్లెల నుంచి రోజూ 24 మంది రావడం కష్టమే. ధర రెట్టింపు చేస్తే పేదలు కొనరు. ఇక్కడే రకరకాల ధరలు అక్కరకొస్తాయి. ఉపాధ్యాయులు, ఉద్యోగులు, వ్యాపారులు ఖరీదైన ఫ్రేములు కోరుకుంటారు. అటువంటి జతపై రూ.840 మిగిలితే, నెలకు పాతిక జతలతోనే రూ.21 వేలు, అంటే సగం ఖర్చు వచ్చేస్తుంది. మిగతా సగానికి చౌక రకం వంద జతలు చాలు. అప్పుడు రోజుకు అమ్మవలసినవి ఐదు జతలే. ఉన్నవారు చెల్లించే సొమ్ముతో లేనివారికి సేవ అందించే ఈ సూత్రంతోనే మధురైలో డాక్టర్ జి.వెంకటస్వామి 1976లో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి ప్రపంచ ప్రసిద్ధి పొందడం గమనార్హం.

దృష్టిలోపాన్ని సరిచేసే కళ్లద్దాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గడం కూడా చిన్న కేంద్రాలకు కలిసొచ్చే అంశం.

స్థానిక యువతకే అవకాశం

ఏజెన్సీలో భూబదలాయింపు నిబంధనలు కఠినమైనవి. 1959 నాటి నిబంధనను 1970లో సవరించిన 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. కౌలు, లీజు కూడా బదలాయింపు కిందకే వస్తాయి. ఈ కారణంగా మైదానం నుంచి వచ్చి ఇక్కడ స్థిరంగా దుకాణం పెట్టడం అంత సులువు కాదు. చదువుకున్న గిరిజన యువతకు ఇదే అవకాశం.

భాష మరో కారణం. కొండ గ్రామాల్లో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడే వృద్ధులు ఎందరో ఉన్నారు. 'ఈ కటకం బాగుందా, ముందుదే బాగుందా' అన్న ప్రశ్న అర్థం కాకపోతే పవరు తప్పుతుంది. పవరు తప్పిన అద్దం పెట్టెలో మూలుగుతుంది. అక్షరాలు రానివారికి ఆంగ్ల 'ఇ' గుర్తును నాలుగు దిక్కులకు తిప్పి చూపే పట్టికను వాడతారు. గుర్తు కొనలు ఎటు ఉన్నాయో చేతితో చూపిస్తే చాలు.

ఈ రంగంలో ఆప్టోమెట్రీ నాలుగేళ్ల డిగ్రీ కోర్సు అందుబాటులో ఉంది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తికి గుర్తింపునిచ్చింది.

సంతను బట్టి పని.. పంటను బట్టి అమ్మకం

మన్యంలో జనం ఒకచోట చేరేది వారపు సంతలోనే. వారమంతా దుకాణంలో ఎదురుచూడటం కంటే వారంలో రెండు మూడు రోజులు చుట్టుపక్కల సంతలకు పెట్టె పట్టుకెళ్తే ఎక్కువ మందిని చూడవచ్చు. ఈ సంతలో పరీక్షించిన వారికి వచ్చే సంత నాటికి అద్దం చేతికివ్వాలి. ఒక్కసారి మాట తప్పినా ఆ ఊరి నుంచి మళ్లీ ఎవరూ రారు.

చేతిలో డబ్బు ఆడేది కాఫీ కోతల కాలంలో. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అమ్మకాలు పెరిగి, వానాకాలంలో పడిపోతాయి. కాబట్టి కోతల కాలపు మిగులును వానాకాలపు అద్దెకు, జీతాలకు దాచుకోవాలి. మంచి నెలల రాబడి చూసి ఖర్చు పెంచుకుంటే కేంద్రం మూతపడటం ఖాయం.

అద్దంతో కూలి పెరిగింది

కొనుగోలుదారుకు లాభం లేకపోతే ఏ వ్యాపారమూ నిలవదు. ఈ విషయంలో అస్సాం తేయాకు తోటల్లో జరిగిన పరిశోధన మన్యానికి దారి చూపుతోంది. నలభై ఏళ్లు పైబడిన 751 మంది కూలీలపై జరిపిన ఈ అధ్యయన ఫలితాలు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడ్డాయి. చత్వారపు అద్దాలు ధరించిన వారి ఉత్పాదకత, ధరించని వారికంటే 21.7 శాతం అధికంగా పెరిగింది. బంగ్లాదేశ్ గ్రామాల్లో 824 మందిపై జరిపిన మరో అధ్యయనం 2024లో వెలువడింది. అద్దాలు అందుకున్న వారి ఆదాయం ఎనిమిది నెలల్లో సుమారు 33 శాతం మెరుగైనట్లు తేలింది. ఆకు కోసే చేతికీ పండు కోసే చేతికీ అవసరమైన చూపు ఒక్కటే.

నమ్మకం పోతే అంతా పోయినట్లే

అద్దాలు అమ్మితేనే రాబడి గనుక, అవసరం లేనివారికీ అంటగట్టాలన్న ఆశ పుడుతుంది. శుక్లాలు ముదిరిన వృద్ధునికి అద్దం అమ్మితే ఆనాటికి రూ.210 మిగులుతుంది. చూపు మాత్రం రాదు. ఆ అద్దం దండగన్న మాట మరుసటి సంతకల్లా పది ఊళ్లకు పాకుతుంది. అదే వృద్ధుణ్ని జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఉచిత శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి పంపితే, చూపు తిరిగి వచ్చిన ఆయనే కేంద్రానికి ప్రచారకుడవుతాడు. శస్త్రచికిత్స తర్వాత చదవడానికో, గింజలు ఏరడానికో అద్దం కావాల్సి వస్తే ఆయన వెతుక్కుంటూ వచ్చేది ఆ గడపకే.

మరలు బిగించడం, ముక్కు ప్యాడ్లు మార్చడం, వంగిన కాడ సరిచేయడం వంటి చిన్న పనులు ఉచితంగా చేయాలి. వీటికయ్యే ఖర్చు స్వల్పం. అవి అందకపోతే మాత్రం కొన్న అద్దం మూలన పడుతుంది. పంపిన రోగి ఆసుపత్రికి చేరాడా లేదా అన్నది కూడా పుస్తకంలో రాసుకుని వాకబు చేయాలి.

కేంద్రం పెట్టాలనుకునే యువత ముందుగా ఒక నెలపాటు సంతల్లో తిరిగి, నలభై దాటిన వారెందరు వస్తున్నారో, ఎంత ధర పెట్టగలరో స్వయంగా లెక్క వేసుకోవాలి. శస్త్రచికిత్సలకు ఏ ఆసుపత్రితో అనుసంధానం కావాలో అప్పుడే మాట్లాడుకోవాలి. ఆ రెండూ తేలిన తర్వాతే పరికరాలకు అప్పు చేయడం మేలు.