హద్దు ఎవరిదైనా దారి భక్తుడిది

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి రాష్ట్రం మారింది. ముందురోజు దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి కొండ, తెల్లవారేసరికి మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలోని ఊరది. తిరుపతి, తిరుత్తణి తమిళులకే దక్కాలని మా.పొ. శివజ్ఞానం నాయకత్వంలో పెద్ద ఉద్యమం నడిచింది. తెలుగువాళ్లు అంతే గట్టిగా ఎదురు వాదించారు. హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వం చేశాక, 1959లో పార్లమెంటు చట్టంతో హద్దు తేలింది. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం, పళ్లిపట్టు ప్రాంతం అటు వెళ్లాయి. బదులుగా చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల నుంచి కొన్ని గ్రామాలు ఇటు వచ్చాయి. గుడి ఎవరికి చెందాలని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నవాళ్లు, భక్తుడు ఆ గుడికి ఎలా వెళ్లాలని ఒక్కరోజు కూడా తర్జనభర్జన పడలేదు. ఆ అవసరం రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే, ఆ అవసరం వచ్చిన చోటికి, పంజాబుకు వెళ్లి చూడాలి.

గురునానక్ తన చివరి సంవత్సరాలు గడిపి, 1539లో కన్నుమూసిన చోటు కర్తార్‌పూర్. 1947లో రాడ్‌క్లిఫ్ గీసిన గీతతో రావి నదికి అవతల ఉన్న ఆ ఊరు పాకిస్తాన్‌కు పోయింది. భారత్ వైపున్న డేరా బాబా నానక్ నుంచి కొద్ది కిలోమీటర్లే. అయినా సరిహద్దు దగ్గర వేదిక ఎక్కి, బైనాక్యులర్లతో గురుద్వారాను చూసి దండం పెట్టుకోవడమే ఎందరికో దర్శనమైంది. 1974లో రెండు దేశాలూ యాత్రాస్థలాల సందర్శనపై ఒప్పందం చేసుకున్నాయి. దాని కింద ఏటా నిర్ణీత సందర్భాల్లో, నిర్ణీత సంఖ్యలో, వీసాలతో జట్లు వెళ్లివచ్చేవి. 2019 నవంబరు 9న డేరా బాబా నానక్ నుంచి గురుద్వారాకు నేరుగా వెళ్లే కారిడార్ తెరిచాక వీసా అవసరం పోయింది. రోజుకు 5,000 మంది దాకా వెళ్లే వీలు కలిగింది. పాస్‌పోర్టు ఉండాలి, 20 డాలర్ల రుసుము కట్టాలి, సాయంత్రానికల్లా తిరిగిరావాలి. నాలుగు నెలలు గడిచాయో లేదో కోవిడ్ వచ్చి దారి మూశారు. 2021 నవంబరులో మళ్లీ తెరిచారు. 2024 అక్టోబరులో కారిడార్ ఒప్పందాన్ని మరో అయిదేళ్లు పొడిగించారు. 2025 మేలో రెండు దేశాల మధ్య ఘర్షణ ముదరడంతో భారత్ వైపు ద్వారం మూతపడింది. ఒప్పందం ఉండగానే దారి ఆగిపోయింది.

తిరుత్తణికీ కర్తార్‌పూర్‌కూ అసలు తేడా ఇక్కడే ఉంది. ఆడికృత్తికకు చిత్తూరు పల్లెల నుంచి కావడి ఎత్తుకుని వెళ్లే భక్తుడు ఎవరి అనుమతీ అడగడు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణ అతనికి హక్కుగా ఇచ్చింది. కర్తార్‌పూర్ వెళ్లే సిక్కుకు ఉన్నది రెండు ప్రభుత్వాల దయ. హక్కు ఉన్నచోట హద్దు ఎటు జరిగినా యాత్ర సాగుతుంది. దయ మీద నడిచే యాత్ర, ఆ ప్రభుత్వాల మధ్య మాట చెడిన రోజున ఆగుతుంది. గుడి ఎవరి నేల మీద ఉందన్నదానికంటే, దాని దారి దేని మీద ఆధారపడిందన్నదే ముఖ్యమని నా వాదన.

ఈ వాదనకు సిక్కు చరిత్రలోనే, మన పక్కనే మరో రుజువుంది. గురు గోవింద్ సింగ్ 1708లో తుదిశ్వాస విడిచిన నాందేడ్, గురునానక్ పేరుతో నీటి ఊట ఉన్న బీదర్, రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రం మూడు ముక్కలైంది. నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి, బీదర్ మైసూరుకు, హైదరాబాద్ నగరం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 1830లలో నిజాం కొలువుకు వచ్చిన సిక్కు సైనికుల వారసులు హైదరాబాద్‌లోనే ఉండిపోయారు. వాళ్ల పుణ్యక్షేత్రాలు రెండూ పరాయి రాష్ట్రాల్లో పడ్డాయి. అయినా యాత్ర తెగలేదు. నాందేడ్ గురుద్వారా పాలన ఆ ఏడాది హైదరాబాద్ రాష్ట్రం చేసిన చట్టం పునాదిగానే సాగుతూ వచ్చింది. నాందేడ్ రైల్వే డివిజన్ సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో భాగం. తిరువళ్లూరులోనూ ఇలాంటిదే చూస్తాం. అమావాస్యకు జనం పోటెత్తే వీరరాఘవస్వామి గుడి తమిళనాడులో ఉంది, దాన్ని చూసుకునేది మన అహోబిలం పేరు మోసే అహోబిల మఠం. ఊత్తుకోట దాటగానే ఆంధ్ర వైపు వచ్చే సురుటుపల్లికి, శయనించిన శివుణ్ణి చూడడానికి తమిళ భక్తులు వరస కడతారు. రాష్ట్రాల గీతలు పన్నులనూ పోలీసులనూ విడదీశాయి, భక్తిని విడదీయలేదు.

రాష్ట్రాల హద్దును దేశ సరిహద్దుతో పోల్చడం తగదని ఎవరైనా అనవచ్చు. సైన్యాలు మోహరించిన చోటికీ, బస్సులు తిరిగే చోటికీ సాపత్యమేమిటని అడగవచ్చు. తేడా నిజమే. కానీ రాష్ట్రాల హద్దు దానంతటదే మెత్తగా ఉండదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ భయంతో వేలూరు జిల్లా యంత్రాంగం చిత్తూరు వైపు రోడ్లకు అడ్డంగా గోడలు కట్టించింది. విమర్శలు రాగానే కూల్చేసింది. గోడ లేవడానికి ఒక ఉత్తర్వు చాలింది. అది నిలవకపోవడానికి కారణం, అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే రాజ్యాంగం కింద పౌరులు కావడం, అడిగితే జవాబు చెప్పాల్సినవాళ్లు ఉండడం. కర్తార్‌పూర్ ద్వారం మూసినప్పుడు భక్తుడికి అలా నిలదీసే చోటు లేదు.

భద్రత సంగతేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. ప్రాణాలు పోయే పరిస్థితిలో దారి తెరిచి ఉంచమనడం ఎవరికీ న్యాయం కాదు. అయితే కారిడార్ పుట్టిన ఏడాదిని మరచిపోకూడదు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, ఆ వెంటనే బాలాకోట్‌పై వైమానిక దాడి, ఆగస్టులో జమ్మూకశ్మీర్ ప్రత్యేక హోదా రద్దుతో దౌత్య సంబంధాలు అడుగంటాయి. ఆ అక్టోబరులోనే కారిడార్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తగాదాను ఒక పక్కన పెట్టి, యాత్రను దాని దారిన నడపడం సాధ్యమేనని అదే చూపింది. పైగా ఇది ఒకే ఒక్క గురుద్వారాకు వెళ్లి, రెండు వైపులా తనిఖీ చేయించుకుని, పొద్దుగూకేలోగా తిరిగివచ్చే యాత్ర. మూయక తప్పనప్పుడు మూయవచ్చు. ఎంతకాలం, ఎవరు సమీక్షించాలి, తెరవకపోతే కారణం ఎవరికి చెప్పాలి అన్నవి ఒప్పందంలోనే రాసుకుంటే, తాత్కాలికమని మూసింది శాశ్వతం కాకుండా ఉంటుంది.

దారి భక్తుడిదే అన్న కొలతకు మనమూ నిలవాలి. నడిచే హక్కు ఉన్నంత మాత్రాన యాత్ర సుఖంగా సాగదు. తిరుత్తణి మెట్ల దగ్గర తెలుగు చదివేవాడికి సూచన అర్థమవుతోందా, సురుటుపల్లిలో తమిళుడికి అర్థమవుతోందా, పండగ రోజుల్లో రెండు రాష్ట్రాల బస్సులూ హద్దు దగ్గర ఆగకుండా నడుస్తున్నాయా అని దేవాదాయ శాఖలు రెండూ కూర్చుని చూసుకోవాలి. దీనికి ఎవరూ అంగుళం నేల వదులుకోనక్కర్లేదు. 1960లో గీత ఎటు పడాలన్న వాదంలో ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ ఉన్నారు. దారి విషయంలో మాత్రం ఎవరూ ఓడలేదు. కర్తార్‌పూర్ భక్తులు అడుగుతున్నది కూడా నేల కాదు, ఆ దారే.